చిన్న జాతి కుక్కల్లో దురద, బొచ్చు రాలడం: ఏది ముందు చూడాలి, ఏ మందు ఎంచుకోవాలి

షిట్జు, పగ్, పొమరేనియన్, లాసా అప్సో, మాల్టీస్ పెంచే ఇళ్ళలో తరచూ వినిపించే మాట: "తెగ గోక్కుంటోందండీ, ఏ షాంపూ మంచిది?" ఓ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ కారణం తెలియకుండా షాంపూలు, ఫుడ్డు ప్యాకెట్లు మారుస్తూ పోతే నెలలు గడుస్తాయి, డబ్బు పోతుంది, ఆ చిన్న ప్రాణం మాత్రం రాత్రంతా కాళ్ళు నాకుతూనే ఉంటుంది. అందుకే ఏ కారణాన్ని ముందు తేల్చుకోవాలో మొదట చూద్దాం. బ్రాండ్ల సంగతి ఆ తర్వాత.

కుక్క చిన్నదైతే రెండు విషయాల్లో లెక్క మారుతుంది. ఒకటి, మోతాదులో తేడా వస్తే తట్టుకునే శక్తి తక్కువ. 30 కిలోల లాబ్రడార్‌కు కాస్త ఎక్కువైన మందు పెద్దగా ఇబ్బంది పెట్టకపోవచ్చు, 3 కిలోల యార్క్‌షైర్ టెర్రియర్‌కు అదే ప్రాణం మీదికి తేవచ్చు. రెండోది మనకు కలిసొచ్చేది. చాలా మందులు బరువును బట్టి ఇస్తారు కాబట్టి, లాబ్రడార్ ఉన్నవాళ్ళు భరించలేని ఖరీదైన మాత్ర షిట్జుకు సగం ముక్కతో సరిపోవచ్చు. "అది చాలా కాస్ట్లీ అట" అని వదిలేసే ముందు, మీ కుక్క బరువుకు నెలకు ఎంతవుతుందో డాక్టర్ని అడిగి లెక్క వేయించుకోండి.

దురద ఉందా, లేదా?

అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఇదే. గోక్కోవడం ఒక్కటే దురద అనుకోకండి. పాదాలు నాకడం, తల విదిలించడం, సోఫాకు మొహం రాయడం, పొట్ట కొరుక్కోవడం కూడా దురదే. షిట్జు ముందు కాలు చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య బొచ్చు విడదీసి చూడండి. తెల్లగా ఉండాల్సిన బొచ్చు ఇటుక రంగుకు తిరిగి ఉంటే అది ఉమ్మి మరక, చాలా రోజులుగా నాకుతోందని అర్థం. కింద చర్మం ఎర్రబడి, జిడ్డుగా ఉండి, పులిసిన వాసన వస్తుంటే అక్కడ ఈస్ట్ అనే ఒక రకం ఫంగస్ కూడా చేరింది.

దురద ఎక్కడుందో చూస్తే సగం సంగతి తెలుస్తుంది. తోక మొదలు, నడుము, వెనక తొడల దగ్గరే ఎక్కువగా కొరుక్కుంటుంటే ముందు ఫ్లీస్‌ను (బొచ్చులో తిరుగుతూ రక్తం తాగే చిన్న పురుగులను) అనుమానించాలి. పాదాలు, చెవులు, మొహం, చంకలు, పొట్ట, గజ్జల్లో ఉంటే దుమ్ము, పుప్పొడి లాంటివాటి వల్ల వచ్చే ఎలర్జీ కానీ, తిండి ఎలర్జీ కానీ కావచ్చు. వాతావరణం వల్ల వచ్చే రకం సాధారణంగా 6 నెలల నుంచి 3 ఏళ్ళ వయసులో మొదలవుతుంది. చెవి అంచులు, మోచేతులు పొలుసులు కట్టి విపరీతమైన దురద ఉంటే గజ్జి అనుకోవాలి. చెవి అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా రుద్దండి. కుక్క వెంటనే వెనక కాలు ఎత్తి గాల్లో గోకడం మొదలుపెడితే ఆ అనుమానం బలపడుతుంది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునే వాళ్ళకు కూడా చేతుల మీద, పొట్ట మీద దద్దుర్లు వస్తుంటే ఇక ఆలస్యం చేయొద్దు.

దురద లేకుండా బొచ్చు మాత్రమే పోతుంటే దారి పూర్తిగా వేరు. ఏడాది లోపు కుక్కపిల్లలకు కళ్ళ చుట్టూ, మూతి దగ్గర, ముందు కాళ్ళ మీద చిన్న చిన్న బట్టతల మచ్చలు వస్తే డెమోడెక్స్ అనే సూక్ష్మ పురుగు కారణం కావచ్చు. పగ్‌లలో ఇది బాగా కనిపిస్తుంది. ఇది మనుషులకు గానీ, ఇంట్లో ఉన్న మిగతా కుక్కలకు గానీ అంటుకోదు. ఒకటి రెండు మచ్చలే అయితే చాలాసార్లు వాటంతటవే తగ్గుతాయి. గుండ్రటి మచ్చలు పెరుగుతూ పోతుంటే, ఇంట్లో పిల్లలకూ అలాంటివే వస్తుంటే అది తామర కావచ్చు. యార్కీలకు (యార్క్‌షైర్ టెర్రియర్లకు) ఇది ఎక్కువ.

పొమరేనియన్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ టెన్షన్ పడేది వాటి యజమానులే. 4 నుంచి 6 నెలల వయసులో పిల్ల బొచ్చు ఊడిపోయి బక్కగా, అందవిహీనంగా కనిపించడం మామూలే. పెద్ద బొచ్చు వస్తోందని అర్థం. దానికి మందులేవీ అక్కర్లేదు. కానీ ఎదిగిన పొమరేనియన్‌కు, ముఖ్యంగా మగదానికి, తల, ముందు కాళ్ళు బాగానే ఉండి ఒళ్ళు, తొడల వెనక భాగం, తోక బోడి అయిపోయి చర్మం నల్లబడుతుంటే అది ఎలొపేషియా ఎక్స్ అనే సమస్య కావచ్చు. ముందుగా థైరాయిడ్ తక్కువ కావడం, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు లేవని రక్త పరీక్షలతో తేల్చుకోవాలి. అవేవీ లేవంటే ఇక మిగిలింది అందానికి సంబంధించిన సమస్యే, ప్రాణానికేమీ కాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే కొన్నిటికి బొచ్చు తిరిగి వస్తుంది, మెలటోనిన్ కొన్నిటికి పనిచేస్తుంది, కొన్నిటికి ఏదీ పనిచేయదు. అలాంటప్పుడు చలికి చొక్కా, ఎండ నుంచి కాపాడటం చాలు. బలమైన హార్మోన్ మందులతో ఒళ్ళు పాడు చేయకండి. మరో మాట. మన ఊళ్ళలో పొమరేనియన్ అని అమ్మే వాటిలో చాలా భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లు. మందులో తేడా ఉండకపోయినా డాక్టర్‌కు జాతి సరిగ్గా చెప్పడం మంచిది.

పిడుదులు, ఫ్లీస్: మాత్ర, చుక్కల మందు, కాలర్, డిప్

"మాది ఐదో అంతస్తు, కుక్క కిందికే దిగదు" అంటారు. లిఫ్టులో, మెట్ల మీద, మన ప్యాంటు అంచు పట్టుకుని కూడా ఇవి ఇంట్లోకి వస్తాయి. ఫ్లీ ఎలర్జీ ఉన్న కుక్కకు కొద్ది కాట్లు చాలు, దురద రోజుల తరబడి ఉంటుంది. దాన్ని కుట్టిన పురుగు మీకు ఒక్కసారి కూడా కనిపించకపోవచ్చు. చూడటానికి తేలిక మార్గం ఉంది. తెల్ల టిష్యూ పేపర్ తడిపి నేలమీద పరిచి, కుక్కను దాని మీద నిలబెట్టి, నడుము దగ్గర సన్న దువ్వెనతో దువ్వండి. రాలిన నల్లటి పొడి తడి తగిలి ఎర్రగా పాకితే అది ఫ్లీస్ విసర్జించిన జీర్ణమైన రక్తం. పాకకపోతే మామూలు మట్టి. పిడుదుల కోసమైతే చెవి లోపలి మడత, కాలి వేళ్ళ మధ్య, కాలర్ కింద వెతకాలి. అవి పట్టుకొచ్చే ఎర్లీషియా, బబీసియా జ్వరాలు దురద కంటే ఎన్నో రెట్లు ప్రమాదం.

నమిలే మాత్రలు: అఫాక్సోలానర్ (నెక్స్‌గార్డ్), సారోలానర్ (సింపారికా) నెలకొకసారి, ఫ్లురలానర్ (బ్రావెక్టో) సుమారు 12 వారాలకొకసారి. ఒళ్ళంతా ఒకేలా పనిచేస్తాయి, స్నానంతో పోవు. గజ్జి మీద, డెమోడెక్స్ మీద కూడా బాగా పనిచేస్తాయి. అంటే ఒక్క మందుతో మూడు అనుమానాలు తీరతాయి. దురద ఉన్న చిన్న కుక్కకు, మెడిసినల్ షాంపూతో తరచూ స్నానం చేయించాల్సి వచ్చే కుక్కకు నా మొదటి ఓటు వీటికే. అయితే ఈ కుటుంబం మందులతో కొన్ని కుక్కలకు వణుకు, ఫిట్స్ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన కుక్క అయితే డాక్టర్‌కు ముందే చెప్పాలి. నెక్స్‌గార్డ్‌కు కనీసం 2 కిలోల బరువు, 8 వారాల వయసు ఉండాలి. పెద్ద కుక్కకు ఇచ్చే ఈ నమిలే మాత్రను ముక్కలు చేసి చిన్నదానికి వేయొద్దు. మందు ముక్కలో సమానంగా ఉందో లేదో తెలియదు.

మెడ వెనక వేసే చుక్కల మందు (పై కుటుంబానికి చెందనిది అయితే) ఫిట్స్ చరిత్ర ఉన్న వాటికి, మాత్ర నోట్లో పెడితే ఉమ్మేసే వాటికి మంచి ప్రత్యామ్నాయం. వేసే ముందు, వేశాక రెండు రోజులు స్నానం మానాలి. బొచ్చు మీద కాకుండా పాయ తీసి చర్మం మీద వేయాలి. వారానికి రెండు స్నానాలు పడే కుక్కకు ఇది అంతగా నప్పదు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ ఉన్న మందు అసలు తేవద్దు, పిల్లికి అది విషం.

ఇమిడాక్లోప్రిడ్, ఫ్లుమెత్రిన్ ఉన్న మంచి కాలర్ 8 నెలల దాకా పనిచేస్తుంది, రోజు లెక్కన చౌక. కానీ పొడవు బొచ్చు షిట్జు మెడ కింద ఉండలు కడుతుంది. పసిపిల్లలు కుక్కను కౌగిలించుకుని పడుకునే ఇంట్లో నేను సిఫారసు చేయను.

అమిట్రాజ్ డిప్‌ను ఇప్పటికీ మన ఊళ్ళలో నీళ్ళలో కలిపి బకెట్లతో పోస్తారు. చౌక అన్నది ఒక్కటే దాని గొప్ప. చివావా లాంటి బుల్లి జాతులు, కుక్కపిల్లలు, షుగర్ ఉన్న ముసలి కుక్కలు దీన్ని తట్టుకోలేవు. మత్తుగా పడిపోతాయి, గుండె నెమ్మదిస్తుంది. మంచి మాత్రలు దొరుకుతున్న రోజుల్లో చిన్న కుక్కకు డిప్ పోయించాల్సిన అవసరం నాకు కనిపించదు. పశువులకు వాడే పిచికారీ మందు కూడా అంతే.

ఏది ఎంచుకున్నా పక్క గుడ్డలు వారానికోసారి వేడినీళ్ళలో ఉతికి, సోఫా సందులు వ్యాక్యూమ్ చేయాలి. ఫ్లీస్‌లో సుమారు 95 శాతం గుడ్లు, లార్వాలు, ప్యూపాల రూపంలో ఇంట్లోనే ఉంటాయి, కుక్క మీద కనిపించేవి కొద్దే. ఇంట్లో ఇంకో కుక్క, పిల్లి ఉంటే వాటికీ ఒకేసారి మందు వేయాలి.

స్నానం, షాంపూ

చీము పొక్కులు, గుండ్రటి పొలుసులు ఉంటే 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉన్న షాంపూ. జిడ్డు, పులిసిన వాసన, చర్మం ఏనుగు తోలులా మందమవడం కనిపిస్తే క్లోర్‌హెక్సిడిన్‌తో పాటు మికోనజోల్ లేదా కీటోకోనజోల్ కలిసినది. పొడిబారి చుండ్రులా రాలుతుంటే ఓట్‌మీల్ రకం. విజయవాడ, విశాఖ లాంటి తేమ ఊళ్ళలో వానాకాలం వస్తే రెండో రకం సమస్యే ఎక్కువ.

షాంపూ కంటే వాడే తీరు ముఖ్యం. నురుగు పట్టించాక 10 నిమిషాలు ఆగాలి. వాచీ చూసి ఆగండి, అంచనాగా వద్దు. మొదట్లో వారానికి రెండుసార్లు, తగ్గాక వారానికోసారి. ఆ తర్వాత వేళ్ళ మధ్య, చంకల్లో, పగ్ ముక్కు మడతలో చుక్క తడి లేకుండా ఆరబెట్టాలి. డ్రయ్యర్ వాడితే చల్లటి గాలే. పగ్, షిట్జు లాంటి పొట్టి ముక్కు కుక్కలను వేడి డ్రయ్యర్ ముందు పంజరంలో పెడితే వడదెబ్బ తగులుతుంది. గ్రూమింగ్ సెంటర్‌కు ఇస్తుంటే ఈ విషయం గట్టిగా అడగండి. పగ్ మడతల్లో పౌడర్ వేయడం చాలామందికి అలవాటు. తడి తగిలి అది ముద్ద కట్టి పుండు చేస్తుంది. రోజూ క్లోర్‌హెక్సిడిన్ వైప్‌తో తుడిచి, పొడి దూదితో అద్దితే చాలు.

పైపైన ఉన్న చీము పొక్కులు చాలాసార్లు షాంపూతోనే తగ్గుతాయి. ప్రతిసారీ యాంటీబయాటిక్ కోర్సు వాడిస్తుంటే మందుకు లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. అప్పుడు ఖరీదైన ఇంజెక్షన్లే గతి.

తిండి మార్చి చూడాలా?

తిండి ఎలర్జీ ఉంది, కానీ జనం అనుకునేంత ఎక్కువ కాదు. ఫ్లీస్ లేవని, గజ్జి లేదని తేలాక, ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా ఏడాది పొడవునా దురద ఉంటే అప్పుడు దీన్ని పరీక్షించాలి. కుక్కల్లో ఎక్కువగా పడనివి బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమలు. మన ఇళ్ళలో పెట్టేవి చూడండి: చికెన్ అన్నం, పెరుగన్నం, మేరీ బిస్కెట్. బియ్యం పడకపోవడం అరుదు.

పద్ధతి ఏమిటంటే, 8 వారాలు కుక్క ఇదివరకు తినని మాంసకృత్తు ఒక్కటే పెట్టాలి. దీనికి రెండు మార్గాలున్నాయి.

ఒకటి, హైడ్రోలైజ్డ్ ఫుడ్. మాంసకృత్తును శరీరం గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలు చేసి తయారుచేస్తారు. రాయల్ కానిన్ హైపోఎలర్జెనిక్, హిల్స్ జెడ్/డి ఈ కోవలోవి. ఖరీదు ఎక్కువే, కానీ 5 కిలోల కుక్క తినేదెంత? పోషకాలు సరిపడా ఉంటాయి, కొలిచి గిన్నెలో వేస్తే అయిపోతుంది.

రెండోది ఇంట్లో వండటం. ఇంతవరకూ తినని చేప లేదా మేక మాంసం ఏదో ఒకటి, దానితో చిలగడదుంప. ఉప్పు, కారం, మసాలా ఏమీ ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం, పులుసు ముక్క కూడా వద్దు. ఇది కచ్చితమైన పద్ధతే, కానీ దీన్ని ఇలాగే ఏళ్ళ తరబడి కొనసాగిస్తే కాల్షియం, విటమిన్లు చాలవు. ఎదిగే కుక్కపిల్లలకైతే 8 వారాలు కూడా నేను వద్దంటాను.

ఉమ్మడి కుటుంబం, పిల్లలున్న ఇల్లు అయితే హైడ్రోలైజ్డ్ ఫుడ్ ఎంచుకోండి. వంటింట్లో ఒక్కరే ఉండి, శ్రద్ధగా చేయగలమంటే ఇంటి వంట. రెండింటిలో ఏదైనా చెడిపోయేది ఒక్క చోటే: నాన్నమ్మ ప్రేమతో పెట్టే పెరుగన్నం ముద్ద, పిల్లాడు కింద పడేసిన బిస్కెట్, మాంసం రుచి కలిపిన మందు మాత్ర. ఆ 8 వారాలూ ఇంట్లో అందరికీ చెప్పి, ఫ్రిజ్ మీద కాగితం అంటించండి. నమిలే ఫ్లీ మాత్రకు బదులు ఆ రెండు నెలలు చుక్కల మందు వాడొచ్చేమో డాక్టర్ని అడగండి.

తగ్గింది కదా అని అక్కడే ఆపొద్దు. పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి. రెండు వారాల్లోపు దురద తిరిగొస్తేనే తిండి ఎలర్జీ అని ఖాయం. చాలామంది భయపడి ఈ మెట్టు వదిలేస్తారు. దాంతో అవసరం లేని ఖరీదైన ఫుడ్‌కు జీవితాంతం డబ్బు పోస్తారు.

గ్రెయిన్ ఫ్రీ (ధాన్యాలు లేనిది) అని రాసిన ప్యాకెట్ దురదకు మందు కాదు. అందులోనూ చికెనే ఉంటుంది చాలాసార్లు. పైగా పప్పుధాన్యాలు ఎక్కువగా ఉండే గ్రెయిన్ ఫ్రీ ఫుడ్‌కు, కుక్కల గుండె జబ్బుకు సంబంధం ఉందేమోనని ఎఫ్‌డీఏ 2018లో విచారణ మొదలుపెట్టింది.

దురద తగ్గించే మందులు

పురుగులు, ఇన్ఫెక్షన్, తిండి అన్నీ చూశాక మిగిలేది వాతావరణ ఎలర్జీ. ఇది పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలి. ఈ మాట మొదటే మనసుకు ఎక్కించుకుంటే డాక్టర్ల చుట్టూ తిరగడం తగ్గుతుంది.

సెట్రిజిన్ లాంటి యాంటీహిస్టమిన్లు చౌక, ప్రమాదం తక్కువ, ఫలితం కూడా తక్కువే. ఇవి ఒక్కటే చాలిన కుక్కలు కొన్నే. ఇంట్లో ఉన్న జలుబు మాత్ర మాత్రం వేయకండి, అందులో సెట్రిజిన్‌తో పాటు పారాసిటమాల్, ముక్కు దిబ్బడ మందు కలిపి ఉంటాయి. చిన్న కుక్కకు అది చాలా ప్రమాదం.

ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ ఒకటి రెండు రోజుల్లో దురద ఆపేస్తుంది, ఖర్చు చాలా తక్కువ. దద్దుర్లు మండిపోతున్నప్పుడు కొద్ది రోజులకు ఇది మంచి మందే, పేరు వినగానే భయపడక్కర్లేదు. నెలల తరబడి అయితే వేరే కథ. దాహం, ఆకలి పెరుగుతాయి, రాత్రిపూట హాల్లో మూత్రం పోస్తుంది, బరువు పెరుగుతుంది, చర్మం పల్చబడుతుంది, షుగర్ రావచ్చు. చాలా రోజులు వాడాక ఒక్కసారిగా ఆపకూడదు. నొప్పి మాత్రలతో కలిపి ఇవ్వకూడదు. దురద అనగానే దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిచి పంపే అలవాటు చాలాచోట్ల ఉంది. మాత్రయితే తగ్గించవచ్చు, ఆపవచ్చు. ఇంజెక్షన్ ఒంట్లోకి వెళ్ళాక వెనక్కి తీయలేం. "డాక్టర్ గారూ, మాత్రల్లో ఇవ్వండి" అని అడగడం మీ హక్కు. డెమోడెక్స్ ఉన్న కుక్కకు స్టెరాయిడ్ పడితే రెండు మచ్చలు ఒళ్ళంతా అవుతాయి. అందుకే ముందు చర్మం గీకి చూడమనాలి.

ఒక్లాసిటినిబ్ (అపోక్వెల్) దురద సంకేతాన్ని ఆపుతుంది. అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. పనితీరు స్టెరాయిడ్ అంత వేగం, దాహం, మూత్రం బాధ ఉండదు. మొదటి 14 రోజుల దాకా రోజుకు రెండుసార్లు, తర్వాత రోజుకొకసారి. 12 నెలలు నిండని కుక్కకు, 3 కిలోల లోపు బరువున్న దానికి ఇవ్వకూడదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా వద్దు. ఎక్కువ కాలం వాడితే మధ్య మధ్య రక్త పరీక్ష చేయించాలి. 5 కిలోల షిట్జుకు 5.4 మిల్లీగ్రాముల మాత్రలో సగం సరిపోతుంది. మొదట చెప్పిన లెక్క ఇక్కడే పనికొస్తుంది. ఏడాది నిండిన, ఎప్పటికీ దురద ఉండే చిన్న కుక్కకు నెలల తరబడి స్టెరాయిడ్ కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

లోకివెట్‌మాబ్ (సైటోపాయింట్) చర్మం కింద వేసే ఇంజెక్షన్, నాలుగు వారాలకు పైగా పనిచేస్తుంది. లివర్, కిడ్నీ సమస్యలున్న ముసలి కుక్కలకు, మాత్ర మింగని మొండి చిన్నారులకు అనుకూలం. దొరికే చోట అడిగి చూడండి. దీనికీ 3 కిలోల నియమం ఉంది. సైక్లోస్పోరిన్ ఫలితం చూపడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, మొదట్లో వాంతులు మామూలే. తొందర లేని కేసులకు అది.

ఎలర్జీకి మూలాన్నే తగ్గించే ప్రయత్నం చేసేది ఇమ్యునోథెరపీ ఒక్కటే. పడనిదాన్నే కొద్దికొద్దిగా ఇంజెక్షన్‌గానో, నాలుక కిందో ఇస్తూ ఒంటికి అలవాటు చేస్తారు. ఫలితం తేలడానికి ఏడాది దాకా ఓపిక పట్టాలి. అన్ని ఊళ్ళలో దొరకదు. రెండేళ్ళ వయసు కుక్కకు, ముందు పదేళ్ళ జీవితం ఉందనుకుంటే, ఆలోచించదగ్గ దారి. పన్నెండేళ్ళ దానికి అక్కర్లేదు.

చేప నూనెను ఈ దురద మందులతో కలిపి ఇవ్వవచ్చు. రెండు మూడు నెలలకు కానీ తేడా తెలియదు, కానీ మిగతా మందుల మోతాదు తగ్గించుకోవడానికి సాయపడుతుంది. మనుషుల కాడ్ లివర్ ఆయిల్ వద్దు, అందులో విటమిన్ ఏ, డి ఎక్కువ.

బొచ్చు కత్తిరించాలా, ఉంచాలా?

షిట్జు, లాసా, మాల్టీస్, యార్కీలకు బొచ్చు మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. చర్మ సమస్య ఉన్న వాటికి పొట్టిగా కత్తిరించడం చాలా మేలు. షాంపూ చర్మానికి అందుతుంది, ఆరడం తేలిక, ఉండలు కట్టవు. ఉండల కింద తడి నిలిచి పుండ్లు పడతాయి. దువ్వేటప్పుడు పైపైన బ్రష్ తిప్పితే సరిపోదు. బొచ్చును పాయలు పాయలుగా విడదీసి, చర్మం కనిపించేలా స్టీలు దువ్వెనతో మొదలు నుంచి దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో ముందు చూడండి.

పొమరేనియన్, స్పిట్జ్‌లకు ఎండాకాలమని గుండు గీయించకండి. రెండు పొరల బొచ్చు వాటికి ఎండ నుంచి కూడా రక్షణే. గీసిన చోట నెలల తరబడి బొచ్చు రాకపోవచ్చు, కొన్నిటికి మునుపటిలా ఎప్పటికీ రాదు. కాలి వేళ్ళ మధ్య, పొట్ట కింద, మలద్వారం చుట్టూ సరిచేయిస్తే చాలు.

షిట్జు, మాల్టీస్‌ల కళ్ళ కింద గోధుమ రంగు మరకకు అమ్మే పొడుల్లో కొన్నిటిలో యాంటీబయాటిక్ ఉంటుంది. మరక కోసం అది తినిపించడం తప్పు. రోజూ తడి దూదితో తుడిచి, ఆరబెట్టండి.

ఇంటి వైద్యం

కొబ్బరి నూనెలో కర్పూరం కాచి రాయడం మన ఇళ్ళలో పాత అలవాటు. కర్పూరం కుక్కలకు విషం, చర్మం గుండా కూడా ఎక్కుతుంది, రాసిన నూనెను అవి నాకుతాయి. చిన్న కుక్కకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. కిరోసిన్, కాలిన ఇంజన్ ఆయిల్, ఫినాయిల్, టీ ట్రీ ఆయిల్ జోలికీ పోకండి. పసుపు, వేపాకు నీళ్ళతో నష్టం పెద్దగా లేదు, అయితే గజ్జి, డెమోడెక్స్ వాటితో తగ్గవు, రోజులు వృథా అవుతాయి. మెడికల్ షాపులో దొరికే, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిసిన ట్యూబులు రాయొద్దు. నాకితే కడుపులోకి వెళ్తాయి, తామర మీద రాస్తే అది ముదురుతుంది.

ఏ పరీక్షకు డబ్బు పెట్టాలి?

చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూడటం, టేపు అంటించి ఈస్ట్, బ్యాక్టీరియా చూడటం: ఈ రెండూ చౌక, పావుగంటలో తేలతాయి. ఏ చర్మ సమస్యకైనా ముందు ఇవే చేయమనండి. ఇవి చేయకుండా మందుల చీటీ రాసేస్తే ఇంకో డాక్టర్‌ను చూడొచ్చు. తామర అనుమానం ఉంటే ఫంగల్ కల్చర్. ఉమ్మి, వెంట్రుకలు పంపించి తిండి ఎలర్జీ చెబుతామనే కిట్లకు ఒక్క రూపాయి పెట్టకండి. రక్తంతో చేసే ఎలర్జీ ప్యానెల్ ఇమ్యునోథెరపీకి మందు తయారుచేయడానికే పనికొస్తుంది, ఎలర్జీ ఉందా లేదా చెప్పడానికి కాదు. ఊళ్ళో తేలకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల క్లినిక్‌లకు తీసుకెళ్ళండి. బోధనా ఆసుపత్రులు కాబట్టి మైక్రోస్కోప్ పరీక్ష చేసే అవకాశం ఎక్కువ. వెళ్ళేటప్పుడు దురద ఏ వయసులో మొదలైందో, ఏ నెలల్లో పెరుగుతుందో, ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు రాసుకుని, ఖాళీ స్ట్రిప్పులు పట్టుకెళ్ళండి.

ఇంకా కొనని వాళ్ళకు

పెడిగ్రీ సర్టిఫికెట్ తల్లిదండ్రులెవరో చెబుతుంది, వాటి చర్మం ఎలా ఉందో చెప్పదు. తల్లిని చూపించమనండి. దాని చెవులు వాసన చూడండి, పాదాల బొచ్చు రంగు చూడండి, వీలైతే తండ్రినీ. చూపించడానికి వెనకాడేవాళ్ళ దగ్గర కొనకండి.

ఎలర్జీ, ఒళ్ళంతా పాకిన డెమోడెక్స్, పొమరేనియన్‌లో ఎలొపేషియా ఎక్స్ వంశపారంపర్యంగా వచ్చే అవకాశం బలంగా ఉంది. ఇవి ఉన్న కుక్క ఎంత అందంగా ఉన్నా, ఎంత మంచి లైన్ అయినా దానితో పిల్లలు పుట్టించకూడదు. "ఒక్క ఈత వేయిద్దాం, మంచి ధర వస్తుంది" అని ఇంటికొచ్చి అడిగేవాళ్ళుంటారు. కుదరదని చెప్పి, ఆపరేషన్ చేయించండి.